జ్ఞానం ఎవరి సొత్తు?

హైదరాబాదు నుండి కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి మీద ప్రయాణించే సోదరులు శామీర్‌పేట చెరువును చూసే ఉంటారు. ఆ ఊళ్ళోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో స్థాపించబడిన ఈ విద్యాలయంలో ఇతర చట్టాలతో పాటు పేటెంటు చట్టాన్ని కూడా ప్రత్యేకంగా బోధిస్తారు. అంటే మనిషి బుర్రలో పుట్టిన ఆలోచనకు హద్దురాళ్ళు ఎక్కడ పాతాలి, ఆ హద్దు దాటినవాడు ఏం చెల్లించాలి అన్నది అక్కడి పాఠాల్లో ఒకటి. అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే తుర్కపల్లి. అక్కడ జీనోమ్ వ్యాలీ పేరుతో టీకాలు, మందులు తయారు చేసే సంస్థలు, పరిశోధనశాలలు వెలిశాయి. పడమరగా నాగపూర్ రోడ్డు మీద మేడ్చల్. జన్యు పరిజ్ఞానంతో మన దేశంలో తయారైన తొలి టీకా కథ ఆ మండలంలోని అత్వెల్లి గ్రామంతో ముడిపడి ఉంది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడిన ఈ నేల మీద ఇప్పుడు పండుతున్న ప్రధానమైన పంట జ్ఞానం.

మరి ఆ పంటకు యజమాని ఎవరు?

ఈ ప్రశ్న వినగానే మనలో రెండు రకాల సమాధానాలు వినిపిస్తాయి. కొందరు, “జ్ఞానం అల్లాహ్ ప్రసాదం. గాలిలాగా, వెలుతురులాగా అది అందరిదీ. దానికి వెల కట్టడానికి మనిషెవరు?” అంటారు. మరికొందరు, “రాత్రింబవళ్ళు కష్టపడి ఒకడు కనిపెట్టిన దాన్ని, వాడి అనుమతి లేకుండా మరొకడు కాపీ కొట్టి అమ్ముకోవడం దొంగతనం. దొంగసొమ్ము హరామ్” అంటారు. రెండూ ధర్మం పేరుతో చెప్పే మాటలే. రెండు మాటలనూ స్వార్థానికి వాడుకునేవారు ఉన్నారు. మొదటి మాట చెప్పేవారిలో చాలామంది, తమ దుకాణం పేరును మరొకరు పెట్టుకుంటే మాత్రం వెంటనే పోలీసు స్టేషనుకు పరుగెత్తుతారు. రెండో మాట గట్టిగా చెప్పే కంపెనీల్లో కొన్ని, పేదవాడు చచ్చిపోతున్నా సరే మందు ధర ఒక్క రూపాయి తగ్గించవు.

కనుక విషయాన్ని మొదటి నుండి చూద్దాం.

ధర్మపండితుల మధ్య చర్చ

ఆలోచన మీద హక్కు అన్నది పూర్వపు ఫిఖ్‌హ్ గ్రంథాల్లో ఒక ప్రత్యేక అధ్యాయంగా కనిపించదు. అచ్చుయంత్రం లేని రోజుల్లో పుస్తకం రాసినవాడికి నష్టం చేయాలంటే ఎవరైనా ఆ పుస్తకాన్ని చేత్తో రాసుకోవలసిందే. బాగ్దాదులోని వర్రాఖులు, అంటే ప్రతులు రాసి అమ్మేవారు, ఆ కష్టానికే కూలి తీసుకునేవారు. పండితులు పట్టించుకున్న విషయం వేరు: ఎవరి మాటను ఎవరి పేరుతో చెబుతున్నాం అన్నది. ఒక హదీసును వినిపించాలంటే అది ఎవరి నోట విన్నామో, ఆయన ఎవరి నోట విన్నారో చెప్పి తీరవలసిందే. గురువు ఇచ్చే ఇజాజత్ లేకుండా ఆయన గ్రంథాన్ని ఆయన పేరుతో బోధించడం తగదని భావించేవారు. హిజ్రీ 911లో మరణించిన ఇమామ్ సుయూతీ (రహ్మతుల్లాహి అలైహి) రచయితకూ దొంగకూ మధ్య తేడా గురించి ఏకంగా ఒక చిన్న గ్రంథమే రాశారు. తన పుస్తకంలోని విషయాన్ని తన పేరు చెప్పకుండా ఎత్తుకుపోయారన్నది ఆయన బాధ. డబ్బు గురించి ఆయన పేచీ పెట్టలేదు.

డబ్బు ప్రశ్న అచ్చుయంత్రంతో వచ్చింది. హనఫీ పండితుల దృష్టిలో సంపద అంటే చేతికి దొరికేది, దాచి పెట్టుకోగలిగేది. రాసే హక్కు, అచ్చువేసే హక్కు అలాంటివి కావు గనక వాటిని అమ్మడం చెల్లదని మన ఉపఖండానికి చెందిన కొందరు పెద్దలు అభిప్రాయపడ్డారు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ కూడా వారిలో ఒకరు. ఆయన కుమారుడైన ముఫ్తీ తఖీ ఉస్మానీ సాహెబ్ మాత్రం, సమాజం దేన్ని సంపదగా గుర్తించి లావాదేవీలు జరుపుతోందో దాన్ని షరీఅత్ కూడా లెక్కలోకి తీసుకుంటుందన్న సూత్రాన్ని ఆధారం చేసుకుని, ఈ హక్కు చెల్లుతుందని వాదించారు. తండ్రి కాదన్న దాన్ని కొడుకు అవునన్నా, ఇద్దరి మధ్య గౌరవం చెక్కుచెదరలేదు. మన మస్జిదు కమిటీ సమావేశాల్లో చిన్న విషయానికి కుర్చీలు విసురుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

చివరికి 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ ఐదవ సమావేశం ఈ విషయాన్ని చర్చించి, వ్యాపార నామం, ట్రేడ్‌మార్కు, రచనా హక్కు, నూతన ఆవిష్కరణ హక్కు షరీఅత్ రీత్యా గుర్తించదగినవేనని, వాటిని అతిక్రమించడం ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. నేడు చాలామంది పండితులు దీన్నే అనుసరిస్తున్నారు.

అయితే హక్కు ఉందని తేలడంతో ప్రశ్న తీరిపోలేదు. ఎంత హక్కు, ఎంతకాలం, ఎవరి ప్రాణం మీదికి వచ్చేదాకా అన్నవి మిగిలాయి. మన ప్రాంతం కథ అక్కడే మొదలవుతుంది.

చెరువు, బావి, కుండ

ఈ విషయం అర్థం కావడానికి ఫిఖ్‌హ్‌లో నీటి గురించి చెప్పిన ఆదేశాల కంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. చెరువు నీరు, ఏటి నీరు అందరిదీ. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అదే నీటిని ఒకడు కుండలో నింపుకుని నెత్తిన పెట్టుకుని మోసుకొస్తే ఆ కుండనీరు వాడిది. అమ్ముకోవచ్చు, ఇంట్లో వాడుకోవచ్చు. అడగకుండా తీసుకుంటే అది దొంగతనమే. ఈ రెండింటికీ మధ్య మూడోది బావి. బావి తవ్వినవాడికి దాని మీద మొదటి హక్కు ఉంది. తన పొలానికి, తన పశువులకు ముందుగా వాడుకుంటాడు. కాని తన అవసరం తీరాక మిగిలిన నీటిని దాహంతో వచ్చినవాడికి నిరాకరించడాన్ని ప్రవక్త (స) వారించారు. అంతేకాదు, ఒకడి బావిని మరొకడు ఎండబెట్టకుండా బావి చుట్టూ కొంత జాగాను హరీమ్‌గా నిర్ణయించారు. ఉల్లేఖనాల్లో నలభై మూరల ప్రస్తావన ఉంది. ఆ జాగాలో ఇంకొకడు బావి తవ్వకూడదు. దాని అవతల తవ్వుకోవచ్చు.

వేల ఏళ్ళుగా మానవజాతి కూడబెట్టిన జ్ఞానం చెరువు లాంటిది. నేను డబ్బిచ్చి కొన్న పుస్తకం, నా బీరువాలోని కాగితం కుండ లాంటివి. కొత్తగా కనిపెట్టిన మందు, కొత్తగా రాసిన గ్రంథం బావి లాంటివి. అడుగున ఉన్నది అందరి నీరే, తవ్విన కష్టం మాత్రం ఒకరిది. పేటెంటు చట్టం, కాపీరైటు చట్టం చేసే పని ఆ బావి చుట్టూ హరీమ్ గీయడమే. హరీమ్ ఉండటం తప్పు కాదు. అది నలభై మూరలా, లేక ఊరంతానా అన్నది అసలు తగాదా.

అత్వెల్లి టీకా

1990ల మొదట్లో హెపటైటిస్-బి టీకా మన దేశంలో విదేశాల నుండి మాత్రమే వచ్చేది. ఒక్కో మోతాదు వందల రూపాయలు పలికేది. మూడు మోతాదులు వేయాలి. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఆ లెక్క వేసుకుంటే చాలు, ఎంతమంది తల్లిదండ్రులు ఆ ఆలోచన మానుకుని ఉంటారో తెలుస్తుంది. ఈ వ్యాధి కాలేయాన్ని ఏళ్ళ తరబడి తినివేసి, కొందరిలో క్యాన్సరుగా మారుతుంది. తల్లి నుండి బిడ్డకు సోకుతుంది.

కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు వృత్తిరీత్యా ఇంజనీరు. జెనీవాలో జరిగిన ఒక సమావేశానికి వెళ్ళినప్పుడు ఈ టీకా అవసరం ఆయనకు తెలిసింది. ఆ సాంకేతిక పరిజ్ఞానాన్ని డబ్బిచ్చి కొనాలని ప్రయత్నిస్తే విదేశీ సంస్థ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అంత ఉన్నతమైన పరిజ్ఞానం మీవల్ల కాదన్న ధోరణిలో జవాబు వచ్చిందని ఆయన పలుమార్లు చెప్పుకున్నారు. 1993లో శాంతా బయోటెక్నిక్స్ ప్రారంభమైంది. ఆ పేరు ఆయన తల్లిగారిది. మన బ్యాంకులు వెనుకాడిన సమయంలో పెట్టుబడి పెట్టింది ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. గల్ఫ్ దేశాల పేరు చెప్పగానే మనకు కూలీల వీసాలే గుర్తుకు వస్తాయి. తెలుగు నేల మీద పుట్టిన ఒక టీకా వెనుక గల్ఫ్ పెట్టుబడి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత సి.సి.ఎం.బి.లో ఇచ్చిన చోటులో సాగింది. విదేశీ కంపెనీలు ఒక రకం ఈస్టు కణాన్ని వాడుతుండగా, ఇక్కడి శాస్త్రవేత్తలు పికియా అనే మరో రకం ఈస్టులో టీకా పదార్థాన్ని పండించారు. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి విడుదలైంది. మోతాదు ధర 50 రూపాయలు. మరుసటి ఏడాదే, అంటే 1998లో, భారత్ బయోటెక్ సంస్థ తన టీకాను తెచ్చింది. పోటీ పెరిగింది, ధరలు ఇంకా పడిపోయాయి. కొన్నేళ్ళకు ఇదే టీకా యూనిసెఫ్ ద్వారా ఒక డాలరు కంటే తక్కువకు ఇతర దేశాల పిల్లలకు చేరింది.

ఇది దొంగతనమా? ముమ్మాటికీ కాదు. పక్కవాడి కుండలో చెయ్యి పెట్టలేదు, వాడి బావిని పూడ్చలేదు. అడిగితే వాడు నీళ్ళు పొయ్యలేదు గనక, హరీమ్ అవతల తమ బావి తాము తవ్వుకున్నారు.

అయితే అలా తవ్వుకోవడానికి అప్పటి చట్టం దారి వదిలింది. 1970 పేటెంట్ల చట్టం ప్రకారం మందుల విషయంలో తయారు చేసే పద్ధతి మీదనే పేటెంటు ఉండేది, అదీ ఏడేళ్ళకు మించకుండా. మందు మీద పేటెంటు లేదు. అంటే బావి నీది, నీరు నీది కాదు అని ఆ చట్టం చెప్పింది. ఆ చట్టం నీడలోనే హైదరాబాదు చుట్టూ మందుల పరిశ్రమ పెరిగింది. బాలానగర్, జీడిమెట్ల, బొల్లారంలో పనిచేసే మన బంధువుల ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. ఆ తర్వాత ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందానికి అనుగుణంగా 2005 జనవరి 1 నుండి మన దేశం మందు మీదనే 20 ఏళ్ళ పేటెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు నీవు వేరే పద్ధతిలో, వేరే కష్టంతో తవ్వినా సరే, తగిలింది అదే నీరైతే అది వాడిదే. మా అభిప్రాయంలో హరీమ్ ఊరంతా పరుచుకున్నది ఇక్కడే.

కథలో రెండో వైపు కూడా చెప్పాలి. శాంతా బయోటెక్నిక్స్ 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్ళింది. పరిజ్ఞానం అమ్మబోమన్నది ఒక విదేశీ సంస్థ అయితే, ఆ పరిజ్ఞానాన్ని స్వయంగా సాధించిన సంస్థను కొనుక్కున్నది మరో విదేశీ సంస్థ. అమ్మినవారిని నిందించడానికి ఇది చెప్పడం లేదు. పెట్టుబడి పెట్టినవారు దాన్ని అమ్ముకోవడం వారి హక్కు. కాని జ్ఞానం సరుకుగా మారిన తర్వాత అది ఏ గుమ్మంలో ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఇచ్చిన దాన్ని తిరిగి తీసుకున్న సందర్భాలు

పాలకుడు ఒకసారి ఇచ్చిన హక్కును తిరిగి తీసుకోవచ్చా? మాట తప్పడం అవదా? పేటెంటును రద్దు చేయాలన్నా, ఇతరులకు అనుమతి ఇవ్వాలన్నా కంపెనీలు వేసే మొదటి ప్రశ్న ఇదే. దీనికి ఇస్లామీ చరిత్రలో స్పష్టమైన జవాబులున్నాయి.

యెమెన్‌లోని మఆరిబ్ ప్రాంతం నుండి అబ్‌యజ్ బిన్ హమ్మాల్ (రజి) దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి అక్కడి ఉప్పుగనిని తనకు ఇప్పించమని కోరారు. ప్రవక్త (స) ఇచ్చారు. ఆయన వెళ్ళిపోతుండగా సభలో ఉన్న ఒకరు, మీరు ఆయనకు ఇచ్చింది ఎడతెగని ఊటనీరు లాంటిదని విన్నవించారు. అంటే తవ్వే కష్టం కూడా లేకుండా ప్రజలందరూ వెళ్ళి తెచ్చుకునే ఉప్పు అది. సంగతి తెలియగానే ప్రవక్త (స) దాన్ని తిరిగి తీసుకున్నారు. ఉప్పు లేకుండా ఏ ఇంట్లోనూ వంట జరగదు. అలాంటి దాని తాళంచెవి ఒక్కరి నడుముకు వేలాడకూడదు.

రెండోది హజ్రత్ ఉమర్ (రజి) కాలంలోనిది. బిలాల్ బిన్ హారిస్ ముజనీ (రజి) గారికి స్వయంగా దైవప్రవక్త (స) విశాలమైన భూమిని ఇచ్చి ఉన్నారు. ఆయన దానిలో కొంతే సాగు చేయగలిగారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ని పిలిచి, నీవు సాగు చేసుకోగలిగినంత ఉంచుకో, మిగతాది ముస్లింలకు పంచుతాను అన్నారు. ఆయన మొదట ఒప్పుకోలేదు. ఖలీఫా మాత్రం పంచిపెట్టారు. బంజరు చుట్టూ రాళ్ళు పేర్చి ఇది నాది అని ప్రకటించినవాడు మూడేళ్ళలోగా దాన్ని సాగు చేయకపోతే వాడికి ఇక హక్కు లేదన్నది కూడా హజ్రత్ ఉమర్ (రజి) నిర్ణయమే.

ఆ మూడేళ్ళ మాటను కాస్త గుర్తుంచుకోండి. మన దేశపు పేటెంట్ల చట్టంలో 84వ సెక్షన్ ఉంది. పేటెంటు ఇచ్చిన నాటి నుండి మూడేళ్ళు గడిచాక, ఆ మందు ప్రజల అవసరానికి సరిపడా దొరకకపోతే, లేక అందుబాటు ధరలో లేకపోతే, లేక మన దేశంలో దాన్ని తయారు చేయకపోతే, ఇతరులు నిర్బంధ లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ చట్టం రాసినవారు కితాబుల్ ఖరాజ్ చదివి రాశారని మేము అనడం లేదు. న్యాయబుద్ధితో ఆలోచించినప్పుడు వేర్వేరు దారుల్లో వచ్చినవారు ఒకే చోట కలుసుకోవడం వింతేమీ కాదు.

ఆ సెక్షన్ కింద తొలి లైసెన్సు పొందింది మన హైదరాబాదు సంస్థే. మూత్రపిండాలు, కాలేయ క్యాన్సరుకు వాడే నెక్సావార్ అనే మందు మీద జర్మనీకి చెందిన బేయర్ కంపెనీకి 2008 మార్చిలో పేటెంటు వచ్చింది. నెలకు సరిపడా మందు ధర సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు. అంత పెట్టగలిగినవారు రోగుల్లో ఎందరుంటారు? మూడేళ్ళ గడువు తీరాక 2011లో నాట్కో ఫార్మా దరఖాస్తు చేసింది. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలరు అనుమతి ఇచ్చారు. నెలకు 8,880 రూపాయలకు మించకుండా అమ్మాలి, బేయర్‌కు 6 శాతం రాయల్టీ చెల్లించాలి అన్నవి షరతులు. పై విచారణలో ఆ రాయల్టీ 7 శాతమైంది. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఇందులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

గమనించవలసిన విషయం ఏమిటంటే, బేయర్ హక్కును ఇక్కడ ఎవరూ కాదనలేదు. దానికి రావలసిన రాయల్టీ దానికి ముట్టింది. బావి దాని పేరునే ఉంది. దాహంతో ఉన్నవాడికి చేద దొరికింది. మదీనాలో రూమా బావి యజమాని నీటిని డబ్బుకు అమ్ముతుంటే పేద ముస్లింలు ఇబ్బంది పడ్డారు. అప్పుడు ప్రవక్త (స) ఆ బావిని బలవంతంగా లాక్కోమని ఆజ్ఞాపించలేదు. కొని ప్రజలకు ఇచ్చేవారికి స్వర్గపు శుభవార్త వినిపించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొమ్ముతో కొని వక్ఫ్ చేశారు. పేదవాడి దాహాన్ని సాకుగా చూపి యజమాని హక్కును గాలికి వదిలెయ్యమని చెప్పేవారు ఈ బావిని మరచిపోతారు. యజమాని హక్కును సాకుగా చూపేవారు మఆరిబ్ ఉప్పును మరచిపోతారు.

కరోనా రోజులు నేర్పినవి

2020 అక్టోబరులో భారతదేశం, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు ఒక విన్నపం ఉంచాయి. మహమ్మారి తగ్గేవరకు టీకాలు, మందులు, పరికరాల మీద మేధో హక్కులను పక్కన పెట్టమన్నాయి. ధనిక దేశాలు ఏడాదిన్నరకు పైగా సాగదీసి, 2022 జూన్‌లో టీకాలకు మాత్రమే పరిమితమైన కొంత సడలింపు ఇచ్చాయి. అప్పటికి ఖననాలు జరిగిపోయాయి.

ఆ రోజుల్లోనే తుర్కపల్లి పేరు దేశమంతటా వినిపించింది. భారత్ బయోటెక్ తయారు చేసిన కోవాక్సిన్‌కు 2021 జనవరి 3న అత్యవసర వాడకానికి అనుమతి వచ్చింది. అది ఆ సంస్థ ఒక్కటే చేసింది కాదు. ప్రభుత్వరంగ పరిశోధనా సంస్థ అయిన ఐ.సి.ఎం.ఆర్. వైరస్‌ను వేరు చేసి ఇచ్చింది, పరీక్షల్లో పాలుపంచుకుంది, అమ్మకాల మీద 5 శాతం రాయల్టీకి ఒప్పందం చేసుకుంది. ఐ.సి.ఎం.ఆర్. సొమ్ము అంటే మనం కొనే సబ్బుబిళ్ళ మీద, అగ్గిపెట్టె మీద కట్టిన పన్ను. అయితే పేటెంటు దరఖాస్తులో సంస్థ తన పేరే పెట్టిందని 2024లో బయటపడింది. అది పొరపాటున జరిగిందని చెప్పి, ఐ.సి.ఎం.ఆర్. పేరును సహయజమానిగా చేర్చడానికి చర్యలు చేపట్టింది. మేము ఇందులో ఎవరి మనసులోని ఉద్దేశాన్నీ నిర్ణయించబోము. ఉద్దేశాలు అల్లాహ్‌కే తెలుసు. కాని ఊరంతా చందా వేసి తవ్వించిన బావి కాగితాల్లో ఊరి పేరు ఉందా లేదా అని చూసుకోవడం ఊరివారి బాధ్యత. అది అమానతు.

అదే కాలంలో, అదే శామీర్‌పేట ప్రాంతంలో మరొకటి జరిగింది. అమెరికాలోని టెక్సాస్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొటాజీ అనే శాస్త్రవేత్తల బృందం ఒక టీకాను రూపొందించి దానికి పేటెంటు తీసుకోలేదు. ఆ పరిజ్ఞానాన్ని మన బయొలాజికల్-ఇ సంస్థ తీసుకుని కోర్బెవాక్స్ పేరుతో అభివృద్ధి చేసింది. 2021 డిసెంబరు 28న దానికి అనుమతి వచ్చింది, తర్వాత మన పిల్లలకు అది వేశారు. పేటెంటు లేకపోతే పరిశోధన ఆగిపోతుందని చెప్పేవారికి ఇది కొంత జవాబు. పూర్తి జవాబు మాత్రం కాదు. ఆ బృందానికి విరాళాలు ఇచ్చినవారున్నారు, జీతాలిచ్చే వైద్య కళాశాల ఉంది. ఎవరో ఒకరు ఖర్చు భరించకుండా ఏ ప్రయోగశాలలోనూ దీపం వెలగదు. జ్ఞానం ఉచితంగా ఉండాలని కోరేవారు ఆ ఖర్చు ఎవరి జేబులో నుండి రావాలో కూడా చెప్పాలి. గతంలో మన సముదాయం మదరసాలకు, ఆసుపత్రులకు భూములు వక్ఫ్ చేసింది. పరిశోధనకు ఎందుకు చేయకూడదు?

జిరాక్స్ దుకాణం, సీడీల బండి

మందుల సంగతి పెద్దలది అనుకుంటాం. మన చేతిలో ఉన్న సంగతులు కొన్ని ఉన్నాయి.

మేడ్చల్ చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు ఎన్నో ఉన్నాయి. ప్రతి కాలేజీ ఎదుట జిరాక్స్ దుకాణాలున్నాయి, వాటిలో మన సోదరులు నడిపేవి కూడా ఉన్నాయి. పుస్తకం మొత్తం జిరాక్స్ తీసి, అట్ట వేసి అమ్మితే ఆ సంపాదన హలాలేనా అన్న ప్రశ్న మా దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఒక జిరాక్స్ దుకాణం మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో, బోధన నిమిత్తం అవసరమైన భాగాలను కాపీ చేయడానికి చట్టం అనుమతిస్తోందని చెప్పింది. 2017లో ప్రచురణ సంస్థలు కేసు విరమించుకున్నాయి. కనుక విద్యార్థి తన చదువు కోసం అడిగిన అధ్యాయాలు తీసి ఇవ్వడంలో చట్టరీత్యా గాని ధర్మరీత్యా గాని తప్పు మాకు కనిపించలేదు. బజారులో దొరుకుతున్న పుస్తకాన్ని వంద ప్రతులు కొట్టి, అసలు దానిలాగే అట్ట వేసి, సగం ధరకు పేర్చి అమ్మడం మాత్రం వేరు. అక్కడ అమ్ముడుపోయేది కాగితం కాదు, రాసినవాడి కష్టం.

సినిమాల విషయంలో ఈ పత్రిక అభిప్రాయం పాఠకులకు తెలుసు, దాన్ని మళ్ళీ చెప్పం. కాని ఒక వస్తువు మనకు నచ్చనంత మాత్రాన దాన్ని దొంగిలించడం ధర్మమైపోదు. తెరమీద కనిపించే ఇద్దరు ముగ్గురి వెనుక లైట్లు మోసేవారు, వడ్రంగులు, దర్జీలు, డ్రైవర్లు వందలమంది ఉంటారు. పైరసీ దెబ్బ చివరికి దినకూలీ మీదికే దిగుతుంది. 2025 నవంబరులో ఒక పైరసీ వెబ్‌సైటు కేసులో హైదరాబాదు పోలీసులు ఒకరిని అరెస్టు చేస్తే, అతణ్ణి పేదల పాలిటి దాతగా పొగిడినవారు చాలామందే కనిపించారు. అదే సైటు బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేసిందని పోలీసులు చెప్పారు. ఉచితంగా పంచేవాడు తన ఖర్చు ఎక్కడ రాబట్టుకుంటాడో ఒక్క క్షణం ఆలోచించవలసింది. అలాగని టిక్కెట్టు ధర ఇష్టానుసారం పెంచేవారు నీతులు చెబితే వినబుద్ధి కాదు. 2007లో మోజర్ బేర్ కంపెనీ అసలు వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టింది. బండి మీద దొరికే దొంగ సీడీతో అసలు సీడీ ధరలోనే పోటీ పడవచ్చని అది చూపించింది. టీకా 50 రూపాయలకు వచ్చినట్టే ఇదీను.

చేనేతలో కూడా ఇదే బాధ. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి రెండు దశాబ్దాలు అవుతోంది. (ఇది మేడ్చల్ దగ్గరి గుండ్లపోచంపల్లి కాదు, భూదాన్ పోచంపల్లి.) నూలును ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆరబెట్టి నేసిన చీర నమూనాను మిల్లులో అచ్చుగుద్ది పోచంపల్లి పేరుతోనే అమ్ముతున్నారు. కొనేవారికి చవక, అమ్మేవారికి లాభం, మగ్గం మీద కూర్చున్నవాడికి పస్తు. ప్రజల వస్తువుల విలువను తగ్గించవద్దని హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) తన జాతికి చేసిన హెచ్చరిక తూకపురాళ్ళకే పరిమితం అనుకోకూడదు.

ఇక మన ఇంటి సంగతి. ధార్మిక పుస్తకాలను, ప్రసంగాల సీడీలను “పుణ్యం కోసం” కాపీలు చేసి పంచేవారు, అమ్మేవారు మనలో ఎందరో. తెలుగులో ధార్మిక గ్రంథాలు అనువదించేవారి పరిస్థితి పాఠకులకు పెద్దగా తెలియదు. అరబీ, ఉర్దూ, తెలుగు మూడూ వచ్చినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఒక్కో గ్రంథానికి ఏళ్ళు పడుతుంది. అచ్చయ్యే ప్రతులు కొద్ది. అందులోనూ ఎవరో ఒకరు పేరు తీసేసి, ముఖచిత్రం మార్చి, తమ సంస్థ పేరుతో అచ్చువేసుకుంటే ఆ అనువాదకుడు మరో పుస్తకం మొదలుపెడతాడా? జ్ఞానాన్ని దాచినవాడికి పరలోకంలో నిప్పు కళ్ళెం వేయబడుతుందన్న హదీసును ఇలాంటివారు తరచుగా వినిపిస్తుంటారు. ఆ హదీసు అడిగినా చెప్పనివాడి గురించి. పుస్తకం రాసి, అచ్చువేయించి, దుకాణంలో పెట్టినవాడు దేన్ని దాచాడు? తేలు కుట్టిన ఒక తెగ నాయకుడికి ఫాతిహా సూరా చదివి నయం చేసినందుకు సహాబాలు గొర్రెల మందను ప్రతిఫలంగా తీసుకుంటే, దైవప్రవక్త (స) దాన్ని ఆమోదించారు. దైవవాక్కు చదివిన శ్రమకే ప్రతిఫలం సమ్మతమైనప్పుడు, అనువాదకుడి రాత్రులకు కాకుండా పోతుందా?

రచయితలకు కూడా ఒక మాట. మన దేశంలో కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపై మరణించాక 60 ఏళ్ళు ఉంటుంది. ప్రాణాలు నిలిపే మందుకు 20 ఏళ్ళు, నవలకు మనవల కాలం వరకు. ఇది మాకు అర్థం కాని లెక్క. రాయల్టీ వారసత్వ సంపదే, కూతుళ్ళకు కూడా వాటా పంచవలసిందే, జకాత్ లెక్కలోకి రావలసిందే. కాని వారసులు అచ్చువేయక, ఇతరులను వేయనివ్వక, పెట్టెలో తాళం వేసిన పుస్తకాల సంగతేమిటి? మన ఊళ్ళలో పెద్ద పండితులు రాసిన మంచి పుస్తకాలు ఇలా కనుమరుగైపోయాయి. రాళ్ళు పేర్చి సాగు మానేసిన భూమికీ, వీటికీ తేడా మాకు కనిపించదు. ప్రజలకు అందకుండా నిలిపివేసిన రచనలకు నిర్బంధ లైసెన్సు కోరే అవకాశాన్ని 1957 కాపీరైటు చట్టంలోని 31వ సెక్షను ఇస్తోంది. తొలిసారి ప్రచురించిన ఏడేళ్ళ తర్వాత అనువాదానికి అనుమతి కోరే దారి 32వ సెక్షనులో ఉంది. ఈ రెండు దారులనూ మనవారు వాడుకున్నట్లు మేము వినలేదు. అనుమతి అడగకుండా అచ్చువేయడమో, లేక పుస్తకం పోయిందని ఊరుకోవడమో జరుగుతోంది.

అందుచేత జిరాక్స్ దుకాణం నడిపే సోదరులకు మేము చెప్పేది ఇంతవరకే: దొరికే పుస్తకమైతే కొనమని చెప్పండి, అధ్యాయాలు కావాలంటే తీసి ఇవ్వండి. ఎక్కడా దొరకని పాత పుస్తకాన్ని చదువుకోవడానికి ఒక్క ప్రతి కావాలని ఎవరైనా పట్టుకొస్తే, కాగితానికీ కరెంటుకూ అయినంత తీసుకుని, మొదటి పేజీలో రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం చెరిగిపోకుండా తీసి ఇవ్వండి. వారసుల చిరునామా తెలిస్తే ఆ తెచ్చినాయన చేతికి అది కూడా రాసివ్వండి.